ముగ్ధ, మూఢ: ఒక తల్లి బిడ్డలు

కచేరీ బాగా జరిగిందంటే మర్నాడు పేపర్లో తప్పకుండా కనిపించే మాట ఒకటుంది. శ్రోతలు మంత్రముగ్ధులయ్యారు అని. పిల్ల పెళ్ళి చేద్దామని పంచాంగం తెరిస్తే గుండె గుభేలుమనిపించే మాట ఇంకోటుంది. మూఢం. మొదటిది చదివి, అయ్యో మనమూ వెళ్ళాల్సింది అనుకుంటాం. రెండోది వినగానే కల్యాణమండపం వాళ్ళకి ఫోన్ చేసి తేదీ మార్చమంటాం. ఈ రెండు మాటలకీ చుట్టరికం ఉందని మీకెప్పుడైనా అనిపించిందా? ఉంది. అదీ దూరపు చుట్టరికం కాదు, ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టిన కవలలు.

బి.ఏ.లో తెలుగు చదివినందుకు నాకు మిగిలిన ఆస్తి ఒక్కటే. మాట వినగానే దాని పుట్టిల్లు ఎక్కడో ఆరా తీసే అలవాటు. పప్పు పొయ్యి మీద పడేసి, విజిల్స్ లెక్క పెట్టుకుంటూ నిఘంటువు తిరగేస్తుంటాను. అలా ఆరా తీసిన మాటల్లో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది "ముగ్ధ". ఒక దాన్ని చూసి మనసు పారేసుకుని నిలబడిపోతామే, ఆ స్థితికి మనం వాడుకునే మాట. అందమైన మాట. దాని వెనకాల కథ మాత్రం అంత మెత్తనిది కాదు.

ముగ్ధ పుట్టిల్లు "ముహ్" అనే సంస్కృత ధాతువు. ముహ్ అంటే తెలివి తప్పడం, దిక్కు తోచకపోవడం, అయోమయంలో పడటం. మోహం, వ్యామోహం, సమ్మోహనం, మోహిని, అందరూ ఈ ఇంటివాళ్ళే. మొహమాటం మాత్రం ఈ ఇంటి పిల్ల కాదు. అది మొహం, అంటే ముఖం వైపు నుంచి వచ్చింది. పాతకాలంలో మొగమోటం అనేవాళ్ళు. ఎదుటివాళ్ళ మొహం చూసి కాదనలేకపోవడం అన్నమాట. దీర్ఘం ఒక్కటి తేడా, వంశాలే వేరు.

ఒక ధాతువుకి రెండు రూపాలు ఎలా వచ్చాయో చెప్పాలంటే కాస్త వ్యాకరణం కావాలి. భయపడకండి, వంటింట్లోంచే చెప్తాను. పాలు పితకడానికి సంస్కృతంలో "దుహ్". పితికినది దుగ్ధం, అంటే పాలు. కాల్చడానికి "దహ్". కాలినది దగ్ధం, పొయ్యి మీద కూర పెట్టి సీరియల్ ముందు కూర్చుంటే చివరికి మిగిలేది. ఇవి "ద"తో మొదలయ్యే ధాతువులు, అందుకని "గ్ధ" వైపు వెళ్ళాయి. ఇక నాకడానికి "లిహ్". మన లేహ్యం దీన్నుంచే వచ్చింది, నాకినది లీఢం. మొలవడానికి, ఎక్కడానికి "రుహ్". దాన్నుంచి రూఢం, రూఢి. ఇవి "ఢ" వైపు వెళ్ళాయి. మామూలుగా ఏ ధాతువు దారి దానిదే. కానీ నాలుగు ధాతువులకు రెండు దారులూ తెరిచి ఉంచాడు పాణిని. అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం, రెండో పాదం, 33వ సూత్రం. ఆ నాలుగింట్లో ముహ్ ఒకటి. ఒక దారిలో వెళ్తే ముగ్ధ, ఇంకో దారిలో వెళ్తే మూఢ. వ్యాకరణం లెక్కలో రెండింటికీ అర్థం ఒక్కటే, తెలివి తప్పినది అని.

అంటే ఒకదాన్ని పొగడ్తగా, ఒకదాన్ని తిట్టుగా విడదీసింది వ్యాకరణం కాదు. వాడుకలో మనుషులు చేసిన పని అది. ఎప్పుడు, ఎలా చేశారన్నదే నాకు ఆసక్తి.

మొదట్లో ఈ ధాతువు యుద్ధభూమిలో కనిపిస్తుంది. అథర్వవేదం మూడో కాండలో మొదటి రెండు సూక్తాలూ శత్రుసైన్యానికి మోహం కలగాలని కోరుకునేవే. ఇక్కడ మోహమంటే ప్రేమ కాదు. ఎదుటి సేన దిక్కు తోచక చెల్లాచెదురైపోవాలని. ఆ పాత అర్థం మహాభారతంలోనూ ఉంది. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం కథ మనందరికీ తెలిసిందే. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తే కౌరవవీరులు ఎక్కడివాళ్ళక్కడ స్పృహ తప్పి ఒరిగిపోయారు. అప్పుడు అర్జునుడు ఉత్తరుణ్ణి పంపి వాళ్ళ ఒంటిమీది బట్టలు తెప్పించాడు. ఎందుకో గుర్తుందా? బయలుదేరేటప్పుడు ఉత్తర తన బొమ్మలకి మంచి బట్టలు పట్టుకురమ్మని అడిగింది మరి! కర్ణుడి ఉత్తరీయం, దుర్యోధనుడి ఉత్తరీయం చివరికి ఒక ఆడపిల్ల బొమ్మరింట్లోకి చేరాయి. ఆ అస్త్రానికి విరుగుడు తెలిసిన భీష్ముడు ఒక్కడే తెలివితో ఉన్నాడు. ఆయన జోలికి పోవద్దని అర్జునుడు ముందే హెచ్చరించాడు.

యుద్ధంలో శత్రువుకి జరగాలని కోరుకున్నది మన లోపలే జరిగితే? వేదాంతులు పట్టుకున్నది దాన్నే. కామం, క్రోధం, లోభం, మోహం అంటూ మనం లెక్కపెట్టే ఆరుగురు శత్రువుల్లో నాలుగోది మోహం. బౌద్ధులు ఇంకా తగ్గించి మూడే అన్నారు, రాగం, ద్వేషం, మోహం. అక్కడా మోహానికి చోటు తప్పలేదు. గీత రెండో అధ్యాయంలో కోపం వల్ల సమ్మోహం, సమ్మోహం వల్ల జ్ఞాపకం చెదిరిపోవడం అని వరస చెప్పారు. కోపంలో మనమన్న మాట మనకే గుర్తుండకపోవడం ఏ ఇంట్లో లేదు చెప్పండి? పద్దెనిమిదో అధ్యాయం చివర అర్జునుడు తన మోహం పోయిందనీ, జ్ఞాపకం తిరిగొచ్చిందనీ అంటాడు. మోహమంటే మరపు, అది పోవడమంటే గుర్తుకు రావడం. మనం భజగోవిందం అని పాడుకునేదానికి మోహముద్గరం అని ఇంకో పేరుంది. ముద్గరం అంటే సుత్తి లాంటి ఆయుధం. బ్రహ్మసూత్రాల్లో ఒకచోట, మూడో అధ్యాయం రెండో పాదంలో, ముగ్ధ అన్న మాటకి అర్థం అచ్చంగా మూర్ఛపోయిన మనిషి. మెలకువ కాదు, కల కాదు, నిద్ర కాదు, చావూ కాదు, ఆ స్థితిని ఏమనాలని అక్కడ చర్చ.

పంచాంగంలో మూఢం కూడా ఈ కోవలోదే. గురుగ్రహం గానీ, శుక్రగ్రహం గానీ ఆకాశంలో సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చినట్టు కనపడే రోజుల్లో ఆ వెలుగులో కలిసిపోయి మన కంటికి ఆనవు. ఆ రోజుల్నే గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం అన్నారు. గ్రహం ఎక్కడికీ పోలేదు, దాని వెలుగూ పోలేదు. పెద్ద వెలుగు పక్కన ఉండటం వల్ల కనపడటం లేదంతే. మా అత్తయ్యగారు "మూఢం, మంచి పనులొద్దు" అన్నప్పుడల్లా నాకు ఆ గ్రహం మీద జాలేస్తుంది. మన వెనకటి తరం ఆడవాళ్ళలో అలా మూఢంలోనే బతికి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో. తమాషా ఏమిటంటే ముహూర్తం అన్న మాటను వివరిస్తూ యాస్కుడు తన నిరుక్తంలో మూఢాన్నే తెచ్చాడు. తెలివి తప్పినట్టుండే కాలం, అంత చిన్న క్షణం అని ఆయన భావం.

ఇంతవరకూ ఎక్కడా పొగడ్త లేదు, గమనించారా? మరి అందం ఎప్పుడొచ్చి చేరింది?

మోహిని కథ చూడండి. క్షీరసాగరం చిలికాక అమృతం అసురుల చేతిలో పడితే విష్ణువు ఆడరూపం ఎత్తాడు. మాట పాత అర్థమే, ఎదుటివాళ్ళ తెలివి పోగొట్టడం. ఆయుధం మాత్రం మారింది. అస్త్రం పోయి అందం వచ్చింది. అమృతకలశం ఆమె చేతికే ఇచ్చి, నువ్వే పంచమని కూర్చున్నారు పాపం అసురులు. తూర్పుగోదావరి వైపు వాళ్ళకి ర్యాలి తెలిసే ఉంటుంది. అక్కడ జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ముందునుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని, జడతో సహా. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామిని మోహినీ అవతారంలో పల్లకీలో ఊరేగిస్తారు. మన్మథుడి ఐదు బాణాల పనుల్లోనూ సమ్మోహనం ఒకటి. యుద్ధంలో శత్రువు మీద వేసిన బాణమే కావ్యాల్లోకొచ్చి ప్రేమికుల మీద పడింది.

అక్కడినుంచి ఇద్దరు కవలల దారులూ విడిపోయాయి. మూఢకి దక్కింది తిట్టు. అమరకోశంలో అజ్ఞుడికి ఉన్న పర్యాయపదాల్లో మూర్ఖుడి సరసనే మూఢుణ్ణీ కూర్చోబెట్టారు. ముగ్ధకి దక్కింది ముద్దు. 1899లో వచ్చిన మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు తీస్తే ఈ ప్రయాణమంతా ఒక్కచోటే కనపడుతుంది. దారి తప్పిన, అయోమయంలో పడ్డ, తెలివిలేని, అమాయకమైన, అందమైన, ఈ అర్థాలన్నీ ముగ్ధకే ఉన్నాయి. తెలివిలేనితనం నుంచి అందం దాకా ఎంత దగ్గర దారో చూశారా!

నాకు ముగ్ధ అన్న మాట మీద ఇష్టం పుట్టించింది మాత్రం కాళిదాసు. మేఘసందేశంలో మేఘం పైకి లేచి ఉత్తరానికి బయలుదేరుతుంటే సిద్ధస్త్రీలు తలలెత్తి చూస్తారు. గాలి కొండశిఖరాన్ని ఎగరగొట్టుకుపోతోందా ఏమిటి అని ఉలిక్కిపడతారు. వాళ్ళని కాళిదాసు ముగ్ధలన్నాడు. వాళ్ళు నోరు తెరుచుకుని ఊరుకోలేదు, అదేమిటని వాళ్ళకి ఒక ప్రశ్న వచ్చింది. ఆకాశంలో ఎప్పుడూ చూడనిది కనపడితే ఎవరైనా అలాగే ఆగిపోతారు, అలాగే అడుగుతారు.

తర్వాత వచ్చిన లక్షణకర్తలు ఆ ముగ్ధని పట్టుకుని ఒక గడిలో కూర్చోబెట్టారు. పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో నాయికల్ని ముగ్ధ, మధ్య, ప్రగల్భ అని మూడు రకాలు చేశాడు. ప్రగల్భనే ప్రౌఢ అనీ అంటాం. తెలుగు చదివినవాళ్ళకి బాలవ్యాకరణం తర్వాత ప్రౌఢవ్యాకరణం ఉండనే ఉంది. కన్నడంవాళ్ళు హైస్కూల్ని ప్రౌఢశాల అంటారు. ప్రౌఢ అంటే ఎదిగినది, లోకం తెలిసినది. ముగ్ధ అంటే ఇంకా ఏమీ తెలియనిది. భానుదత్తుడు రసమంజరిలో ముగ్ధని మళ్ళీ రెండుగా చీల్చాడు. తనకి యౌవనం వచ్చిందని తెలిసిన పిల్ల ఒకతె, వచ్చిందని కూడా తెలియని పిల్ల ఒకతె. నాట్యం నేర్చుకునే పిల్లలు ఈనాటికీ ఈ పట్టిక చదువుతారు.

ఇక్కడ ఒక సంగతి నన్ను నిలేసింది. మగవాళ్ళ విషయంలో మనం ఈ మాట ఎలా వాడతాం? ఆయన పాట విని ముగ్ధుడయ్యాడు అంటాం. అంటే ఆ కాసేపు జరిగిన సంగతి. పాట అయిపోతుంది, ఆయన లేచి ఇంటికెళ్ళిపోతాడు. ఆడదాన్ని మాత్రం ఆమె ముగ్ధ అంటాం. అది ఆమె స్వభావం అయిపోయింది. మగవాడికి కాసేపటి స్థితి, ఆడదానికి బిరుదు. అదే తెలియనితనం మగవాడిలో ఎప్పటికీ ఉండిపోతే మాత్రం ముగ్ధుడనం, మూఢుడంటాం. ఇద్దరు కవలల్లో ఒకర్ని మగవాళ్ళ మీద కోపంగా, ఇంకొకర్ని ఆడవాళ్ళ మీద మురిపెంగా వాడుతున్నామన్నమాట.

మురిపెమే కదా, నష్టమేమిటి అంటారేమో. యౌవనం వచ్చిందని తెలియని పిల్ల పద్యంలో బాగానే ఉంటుంది. ఇంట్లో ఆ పిల్ల వయసెంత? మన దేశంలో ఆడపిల్లకి పెళ్ళి వయసు కనీసం 14 ఏళ్ళుండాలని చట్టం, శారదా చట్టమంటామే అది, వచ్చింది 1929లో. అమలైంది 1930 ఏప్రిల్‌లో. 18 ఏళ్ళన్నది 1978లో. అంటే అంతకుముందు మన ముత్తవ్వలు మెట్టినింటికి వెళ్ళేనాటికి వాళ్ళలో చాలామందికి ఏమీ తెలియకపోవడం స్వభావం కాదు, వయసు. కవులు ఈ పని చేయించారని నేననడం లేదు. పిల్లలకి తెలియకుండా ఉంచడం ఆచారమైన చోట, తెలియకపోవడమే అందమనే మాట ఎంత తేలిగ్గా ఇమిడిపోతుందో చూడమంటున్నాను.

ఆ సంగతి గురజాడకి బాగా తెలుసనిపిస్తుంది. కన్యాశుల్కంలో బుచ్చమ్మని గుర్తు తెచ్చుకోండి. చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల. గిరీశం మాటల గారడీకి మంత్రముగ్ధ అయిపోయి అతని వెంట వెళ్ళిపోతుంది. పాత లెక్కలో ఆమె ముగ్ధ, మధురవాణి ప్రౌఢ. లోకం తెలిసిన మధురవాణి గిరీశానికి లొంగదు సరికదా, ఆఖరికి అతని బండారం సౌజన్యారావుగారికి తెలియడానికి ఆవిడే కారణమవుతుంది. మరి బుచ్చమ్మని ఏం చేశాడు గురజాడ? గిరీశం చేతిలో పెట్టలేదు. తిట్టి పుట్టింటికీ తోలలేదు. 1909లో అచ్చయిన రూపంలో ఆమెను చదువుకోవడానికి పూనాలో వితంతువుల హోమ్‌కి పంపే ఏర్పాటు జరుగుతుంది. ముగ్ధకి శిక్ష వెయ్యలేదు, చదువు ఇచ్చాడు. నూరేళ్ళు దాటినా ఇంతకన్న మంచి ముగింపు నాకు తోచడం లేదు.

ఈమధ్య మా అమ్మాయికి సంబంధం చూస్తామని మా దూరపు బంధువు ఒకావిడ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టి కూర తరుగుతున్నాను. "వాళ్ళతో చెప్పానమ్మాయ్, మా పిల్ల వట్టి ముగ్ధ, ఏమీ తెలీదని" అందావిడ, ప్రేమగానే. బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ సెలవుకొచ్చిన మా అమ్మాయి పక్కనే ఉంది. ఫోన్ పెట్టేశాక, "అమ్మా, ఏమీ తెలీకపోవడం క్వాలిఫికేషనా? నా రెజ్యూమేలో లేదే!" అంది. నవ్వుకున్నాం. నవ్వాక నేను ఆవిడకి మళ్ళీ ఫోన్ చేశాను. "పిన్నిగారూ, మా పిల్లకి తెలుసు, తెలియనిది అడుగుతుంది, అలాగే చెప్పండి" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "అదీ మంచిమాటే" అంది. సంబంధం సంగతి ఇంకా తేలలేదు లెండి.

మా అమ్మాయి ఏదైనా నచ్చితే "ఫాసినేటింగ్" అంటుంది. ఆ మాట పుట్టిల్లు కూడా చూశాను. లాటిన్‌లో దాని మూలానికి అర్థం కన్ను కొట్టడం, అంటే మన దిష్టి! రోమ్‌లో పసిపిల్లలకి దిష్టి తగలకుండా ఫాసినమ్ అనే తాయెత్తు కట్టేవారు. దాని ఆకారం చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది, పురుషాంగం ఆకారం అని చెప్పి వదిలేస్తాను. పసిపిల్లల్నీ, గెలిచొచ్చిన సేనానుల్నీ అది కాపాడుతుందని ఒకటో శతాబ్దంలో ప్లినీ రాశాడు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో కూడా ఆ మాటకి చేతబడి చేయడమనే అర్థం. మనసుని ఆకట్టుకోవడమన్న అర్థం 19వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. అక్కడ కన్ను పడటం, ఇక్కడ తెలివి తప్పడం. మన పరవశం కూడా విడదీస్తే పర వశం, ఇతరుల అధీనంలోకి పోవడం. మైమరపు అంటే మై, ఒళ్ళు, మరచిపోవడం. ఏ భాషవాళ్ళైనా ఆకర్షణకి పేరు పెట్టేటప్పుడు ముందు భయపడ్డారు. తమ మీద తమకు పట్టు పోతుందని వాళ్ళకి తెలుసు.

ఆ భయం ఉండాల్సిందే అనిపిస్తుంది నాకు. రాత్రి పదింటికి ఫోన్ తీసి రీల్స్ మొదలుపెడితే పన్నెండయ్యేది మనకే తెలియదు. అది మోహమే, అథర్వవేదం నాటి మోహం. సేన చెల్లాచెదురైనట్టు మనసు చెదిరిపోతుంది. త్యాగరాజ కీర్తన వింటూ చేతిలో గరిటె ఆగిపోయేదీ అదే ధాతువు. తేడా మాటలో లేదు, ఆ తర్వాత ఏమవుతుందన్న దాంట్లో ఉంది. పాట అయ్యాక ఇది ఏ రాగం, ఎవరు పాడారు అని అడగాలనిపిస్తే అది సిద్ధస్త్రీల మురిపెం. రెండు గంటలయ్యాక ఏం చూశామో ఒక్కటీ గుర్తు లేకపోతే కవల మారిపోయినట్టే.

అందుకని ముగ్ధ అన్న మాట వద్దని నేననను. ఇంత అందమైన మాటని ఎలా వదులుకుంటాం? మీ ఇంట్లో ఆడపిల్ల వర్షం చూసో, వేమన పద్యం వినో, లెక్క ఒకటి తేలిన సంతోషంతోనో కళ్ళు పెద్దవి చేసి నిలబడిపోతే, ముగ్ధురాలైపోయింది అని హాయిగా అనండి. మగపిల్లవాణ్ణి చూసినా అనండి. ఏమీ తెలియని పిల్ల అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ మాట ఖర్చు పెట్టకండి. తెలియకపోతే ఏం చెయ్యాలో గురజాడ ఎప్పుడో చెప్పాడు కదా.